కొత్త సౌండ్ కార్డు పెడితే గరగర పోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

విండోస్ 98, ఎక్స్‌పీ కాలం నాటి ఇంటి కంప్యూటర్లకు సౌండ్ కార్డులు (శబ్దం పని చూసే విడి బోర్డులు) మార్చే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇప్పటికీ అలాంటివి అడపాదడపా వస్తుంటాయి. వాటి వెంటే పాత నమ్మకాలూ వస్తాయి.

అపోహ: స్పీకర్లలో గరగర వస్తే సౌండ్ చిప్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు చిప్ బాగానే ఉంటుంది. ఒకాయన వాళ్ల నాన్నగారి హరికథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని కొత్త పీసీఐ కార్డు (మదర్‌బోర్డు మీద పీసీఐ అనే రకం స్లాట్‌లో గుచ్చేది) కొనుక్కున్నారు. వాళ్లింటికి వెళ్లి బిగించాను. అయినా గుయ్‌మనే శబ్దం తగ్గలేదు. టేప్ రికార్డర్ వైరు పీకితే ఆగుతోంది, పెడితే మొదలు. క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే వేళ్లు జివ్వుమన్నాయి. అప్పుడు అర్థమైంది, ఆ ప్లగ్గుకు ఎర్త్ లేదు! ఎర్త్ ఉన్న ప్లగ్గుకు మార్చగానే గుయ్‌మనడం పోయింది. ఇక మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా జిర్రుమనేది మిగిలింది. కార్డును గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచి తీసి చివరి స్లాట్‌లో పెట్టి, వాల్యూమ్ కంట్రోల్‌లో వాడని ఇన్‌పుట్లన్నీ మ్యూట్ చేశాక అదీ పోయింది.

అపోహ: ఖరీదైన కార్డు పెడితే ఎంపీ3 పాటలు సీడీలా వినిపిస్తాయి.

వాస్తవం: ఎంపీ3 చేసినప్పుడు పోయిన శబ్దాన్ని ఏ కార్డూ తిరిగి తేలేదు. 1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ ఎంత పేరున్న కార్డో తెలిసిందే. అది కూడా సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దపు కొలతల) సీడీ పాటను ఉన్నదున్నట్టు కాకుండా లోపల 48,000కు మార్చి వినిపించేది. చిన్న ప్లాస్టిక్ స్పీకర్లే ఉంటే ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టమంటాను.

మంచి కార్డు విలువ రికార్డింగ్‌లో తెలుస్తుంది. అయితే టేప్ రికార్డర్‌ను నీలం రంగు లైన్-ఇన్ సాకెట్‌కే కలపాలి. గులాబీ రంగు మైక్ సాకెట్‌లో పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది.

అపోహ: ఏ కార్డయినా ఏ మదర్‌బోర్డులోనైనా పడుతుంది.

వాస్తవం: పడదు. 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 లాంటివి ఐఎస్ఏ అనే పాత రకం పొడవాటి స్లాట్‌కు చేసినవి. తర్వాతి పీసీఐ స్లాట్ పొట్టిది. కొనేముందు మూత తీసి చూసుకోండి.

అపోహ: కొత్త కార్డు పెట్టాక ఆడియో సీడీ మోగకపోతే కార్డే పాడు.

వాస్తవం: పాత సీడీ డ్రైవ్ వెనక నుంచి సన్నటి ఆడియో వైరు ఒకటి వస్తుంది. అది ఇంకా మదర్‌బోర్డుకే ఉండిపోయి ఉంటుంది. దాన్ని తీసి కొత్త కార్డు మీద సీడీ-ఇన్ అని ఉన్న పిన్నులకు గుచ్చండి.