గంజాయి చేలో మగ మొక్క

గంజాయి వనంలో తులసి మొక్క అంటుంటాం. నిజానికి ఆ వనంలో రైతు బతకనివ్వనిది మగ గంజాయిని.

నెల్లూరు, ఒంగోలు హైవే మీద కారు డిక్కీలో సరుకు దొరికిందంటే, ఏజెన్సీ నుంచి చెన్నైకి పోయేదిలే అనుకుంటాం. కానీ బ్రిటిష్ కాలంలో ఆ పంట ఇక్కడే, లైసెన్సు మీద పండేది. సంతరావూరు, దగ్గుబాడు చుట్టుపక్కల చేలలో. అప్పుడవి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా ఊళ్లు. తర్వాత గుంటూరులో, ఆపైన ప్రకాశంలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాకు వెళ్లాయి.

తాటిలో పోతుతాడు వేరు, కాయ కాసే చెట్టు వేరు కదా, గంజాయీ అంతే. మగ పువ్వు విచ్చుకుంటే పుప్పొడి గాలికి చేనంతా తిరుగుతుంది. ఆడ పూగుత్తులకు గింజ పడుతుంది, జిగురు తగ్గుతుంది, సరుక్కి ధర రాదు. అందుకే పూత విచ్చకముందే మగవాటిని ఏరి పీకేసేవారు. బెంగాల్‌లో నౌగాఁవ్ రైతులైతే ఈ పనికి ప్రత్యేకంగా మనిషిని పిలిపించుకునేవారు. 1893-94లో దేశమంతా తిరిగిన గంజాయి విచారణ సంఘం నివేదికలో అతని పేరు ‘గంజా డాక్టర్’. తమాషా ఏమిటంటే, అక్కడి రైతులు మగ మొక్కనే ‘మాదీ’, అంటే ఆడది అనేవారు. బక్కగా ఉండి ముందే వాడిపోయేది మగదెలా అవుతుందనుకున్నారో ఏమో! యూరప్‌లోనూ నార కోసం ఈ మొక్కను పెంచినవాళ్లు ఇలాగే తారుమారుగా పిలిచారు. మొక్కల్లోనూ ఆడ, మగ ఉంటాయని 1694లో ప్రయోగాలతో చూపించిన జర్మన్ వైద్యుడు కామెరారియస్ పరీక్షించిన వాటిలో ఈ మొక్క కూడా ఉంది.

సరుకు కావలసినవాడికి మగది దండగ. విత్తనం కావలసినవాడికి సగం సంసారం దానిదే, పిల్ల మొక్క గుణాల్లో సగం తండ్రివే. చిక్కల్లా, దాని మంచిచెడ్డలు దాన్ని చూసి పూర్తిగా తెలియవు. ఒంగోలు ఆబోతు పాలిస్తుందా? దాని పెయ్యలు ఈని, పాలిచ్చాకే దాని జాతి విలువ తేలుతుంది. మగ గంజాయినీ అలాగే పిల్లల్ని పెంచి చూడాలి. నార, గింజల కోసం కొత్త రకాలు కట్టేవాళ్లకు ఏళ్లు పట్టేది ఇక్కడే.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) గంజాయి అంటే పూత, కాయ గుత్తులనే చెప్పింది. విడిగా ఉన్న ఆకును, గింజను వదిలేసింది. సాగు దగ్గర మాత్రం ఆ తేడాల్లేవు. అనుమతి లేకుండా పెరట్లో పెంచితే, అది పోతు మొక్కైనా కేసే.