బరంపురం మేడల మీద గోల్ఫ్ చిట్కాలు: ఎక్కడ పుట్టాయి, ఎవరి కోసం పుట్టాయి

బరంపురం, ఛత్రపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు కుటుంబాల్లో గోల్ఫ్ ఆడేవాళ్లు ఇప్పటికీ తక్కువే. ఉన్నవాళ్లు మాత్రం ప్రాణం పెట్టి ఆడతారు. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, రిటైరైన ఫౌజీలు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసి ఊరికి తిరిగొచ్చిన కుర్రాళ్లు వీళ్లలో ఉన్నారు. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసిన జిల్లా. అందుకే మనవాళ్లకు రెండు వైపులా చుట్టాలున్నారు. ఆట కోసం కూడా కొందరు విశాఖ వెళ్తారు, కొందరు భువనేశ్వర్ వెళ్తారు. అది ఆదివారం సంగతి. మిగతా వారమంతా మేడ మీద కట్టిన వల, కింద ఒక మ్యాట్, చేతిలో ఫోన్. ఆ ఫోన్‌లో నేర్పేవాళ్లకు కొదవ లేదు.

చిక్కు అక్కడే వస్తోంది. మొదటి నెలల్లో క్లబ్ (బంతిని కొట్టే కర్ర) చేతికిస్తే హాయిగా తిప్పి కొట్టినవాళ్లే, ఏడాది తిరిగేసరికి బంతి ముందు బిగుసుకుపోతున్నారు. ఎడమ చెయ్యి వంగకూడదు, తల కదలకూడదు, నడుము ముందు తిరగాలి, బరువు ఎడమ కాలి మీదికి రావాలి. ఇవన్నీ ఒకేసారి గుర్తుపెట్టుకుని కొట్టబోతే దెబ్బ బంతికి కాక మ్యాట్‌కి తగులుతుంది. పక్కనున్నవాళ్లూ ఊరుకోరు. "తల ఎత్తేస్తున్నావురా తమ్ముడూ" అని ఒకరంటే, "కాదన్నయ్యా, తలని బంతి వెంట వదిలెయ్యమని నిన్నటి వీడియోలో చెప్పారు" అని జవాబు వస్తుంది. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. రెండు మాటలూ ఎక్కడో ఎవరికో పనికొచ్చినవే. ఎవరికి, ఎందుకు అన్నది రాలిపోయి మాట ఒక్కటే మన దాకా వచ్చింది. ఆ మాటలు ఎలా పుట్టాయో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుందని నా నమ్మకం.

మొదట్లో ఈ ఆటను ఎవరూ ముక్కలుగా విడదీసి నేర్చుకోలేదు. స్కాట్లాండ్‌లో పిల్లలు పెద్దల సంచులు మోస్తూ, వాళ్లు కొట్టేది చూస్తూ నేర్చుకున్నారు. అమెరికాలో బాబీ జోన్స్ కూడా అంతే. అట్లాంటాలో ఈస్ట్ లేక్ కోర్సు దగ్గర పెరిగాడు. అక్కడ ఆట నేర్పే స్కాటిష్ ప్రో (ప్రొఫెషనల్) స్టూవర్ట్ మెయిడెన్ వెనకాలే తిరుగుతూ అతను కొట్టినట్టే కొట్టడం అలవాటు చేసుకున్నాడు. 1930లో అప్పటి నాలుగు పెద్ద టోర్నీలూ ఒకే ఏడాదిలో గెలిచాడు.

అప్పటి క్లబ్బుల సంగతి కూడా గమనించాలి. షాఫ్ట్, అంటే క్లబ్ కాడ, హికరీ చెక్కతో చేసేవారు. జోరుగా తిప్పితే అది మెలితిరిగేది, ఒక క్లబ్ ఇంకోదానిలా ఉండేది కాదు. ఎవరి క్లబ్బుకు తగ్గ లయ వాళ్లే వెతుక్కోవాలి. 1929లో సెయింట్ ఆండ్రూస్‌లోని ఆట నియమాలు చూసే ఆర్ అండ్ ఏ సంస్థ ఉక్కు షాఫ్టులకు ఒప్పుకుంది. క్లబ్బులన్నీ ఒకేలా తయారుకావడం మొదలయ్యాక, స్వింగ్ (క్లబ్ తిప్పి కొట్టే తీరు) కూడా అందరికీ ఒకటే సరైనది ఉంటుందన్న ఆశ బలపడిందని నాకనిపిస్తుంది.

ఆ ఆశకు ఎదురు నిలిచినవాళ్లలో ఎర్నెస్ట్ జోన్స్‌ను తప్పకుండా తలుచుకోవాలి. ఇంగ్లండ్‌లో ప్రోగా పనిచేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, మోకాలి కింద కుడి కాలు పోగొట్టుకున్నాడు. కొన్ని నెలలకే ఒంటికాలి మీద నిలబడి ఒక రౌండ్, అంటే 18 హోల్స్ ఆట, 83 స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ముగించాడు. కాళ్లు ఇలా పెట్టాలి, బరువు అలా మార్చాలి అని తను నేర్చుకున్న సూత్రాల్లో సగానికి సగం ఇక తన ఒంటికి పనికిరావు. అయినా బంతి వెళ్తోంది. క్లబ్ తల ఎటు ఊగాలో చేతులకు తెలిస్తే మిగతా ఒళ్లు దానంతటదే సర్దుకుంటుందని అతను అప్పుడు గ్రహించాడు. తర్వాత అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి అదొక్కటే నేర్పాడు. జేబురుమాలు కొసకు చిన్న చాకు కట్టి ఊపి చూపించేవాడు. రుమాలును తోస్తే చాకు కదలదు, ఊపితేనే ఊగుతుంది. ఇంతకన్నా తేలికైన పాఠం గోల్ఫ్‌లో నేను చూడలేదు.

కానీ ఆ తర్వాతి కాలాన్ని ఏలింది ఎర్నెస్ట్ జోన్స్ మాట కాదు, అమెరికా ఆటగాడు బెన్ హోగన్ మాట. ఈ కథకు కీలకం అక్కడుంది. హోగన్ సొంత శ్రమతో పైకొచ్చినవాడు. 1949 ఫిబ్రవరిలో అతని కారును ఎదురుగా వచ్చిన బస్సు గుద్దితే చావు తప్పి బయటపడ్డాడు. మరుసటి ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచాడు. అలాంటి మనిషి 1957లో స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రికలో ఐదు భాగాల పాఠాలు ఇస్తే ప్రపంచమంతా కళ్లకద్దుకుని చదివింది. ఆ పాఠాలకు వేసిన బొమ్మలను ఇప్పటికీ కోచ్‌లు చూపిస్తుంటారు.

అయితే హోగన్ బాధ వేరు. కెరీర్ తొలినాళ్ల నుంచీ అతన్ని వేధించింది హుక్. అంటే బంతి ఎడమకు మెలితిరిగి పోవడం. దాన్ని ఆపడానికే అతను ఎడమ చేతి పట్టును మార్చి, ముంజేతులు త్వరగా తిరగకుండా కట్టడి చేసుకున్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి ఉండేది దీనికి సరిగ్గా ఎదురైన జబ్బు, స్లైస్. వాళ్ల బంతి కుడికి పోతుంది. హోగన్ పట్టు పడితే క్లబ్ ముఖం (బంతికి తగిలే వైపు) ఇంకా తెరుచుకుని బంతి ఇంకా కుడికి పోతుంది. ఒకరికి రాసిన మందు చీటీ ఇంకొకరు వాడితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. హోగన్ దాచిందేమీ లేదు, తనకు పనికొచ్చింది నిజాయితీగా చెప్పాడు. చదివినవాళ్లు మాత్రం ఆ చీటీ మీద పేరెవరిదో చూసుకోలేదు.

ఆ తర్వాత చిట్కాలు సరుకైపోయాయి. 1950లో మొదలైన గోల్ఫ్ డైజెస్ట్ లాంటి పత్రికలకు నెలనెలా కొత్త మాట కావాలి. 1969లో హోమర్ కెల్లీ అనే ఆయన స్వింగ్‌ను 24 భాగాలుగా విడగొట్టి పుస్తకం వేశాడు. 1995లో గోల్ఫ్‌కు ప్రత్యేకంగా టీవీ ఛానెల్ వచ్చింది, 2005లో యూట్యూబ్ వచ్చింది. నెలకొకటి అందే చిట్కా నిమిషానికొకటి అందడం మొదలైంది.

స్వింగ్ మార్చుకుని బాగుపడినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో 1985లో కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గరికి వెళ్లి తన స్వింగ్‌ను మొదటి నుంచి మళ్లీ కట్టుకున్నాడు. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో ఆఖరి రౌండ్ 18 హోల్స్‌లోనూ పార్ (ఆ హోల్‌కు లెక్కగా పెట్టిన దెబ్బలు) కొట్టి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. కానీ ఆయనకు ఉన్నది ఒకే గురువు. ఆ గురువు రెండేళ్ల పాటు ఎదురుగా నిలబడి చూశాడు, ఆ రెండేళ్లు ఓడిపోవడానికి ఫాల్డో సిద్ధపడ్డాడు. మేడ మీద రాత్రి భోజనాలయ్యాక అరగంట దొరికే మనిషి పరిస్థితి అది కాదు.

సొంత స్వింగ్‌ను వదలకుండా గెలిచినవాళ్లకూ లెక్క లేదు. అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను పైకి ఒక దారిన తీసుకెళ్లి, చుట్టు తిప్పి వేరే దారిన దించుతాడు. చూసినవాళ్లు ఇదేం స్వింగ్ అనుకుంటారు. అతనికి కోచ్ వాళ్ల నాన్నే, ఆయన దాన్ని మార్చలేదు. ఫ్యూరిక్ 2003 యూఎస్ ఓపెన్ గెలిచాడు. 2016లో ఒక రౌండ్ 58 దెబ్బల్లో ముగించి, అమెరికా ప్రొఫెషనల్ టోర్నీలు నడిపే పీజీఏ టూర్‌లో రికార్డు పెట్టాడు. బబ్బా వాట్సన్ పద్ధతిగా కోచింగ్ తీసుకోకుండానే 2012లో, 2014లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు.

అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీల (ఆటగాళ్ల సంచులు మోసేవాళ్ల) మధ్య పెరిగాడు. 1991లో గెలిచాడు, 1993లో మళ్లీ గెలిచాడు. 2009లో అదే టోర్నీ గెలిచిన చిన్నస్వామి మునియప్ప బెంగళూరులో క్యాడీగా మొదలైనవాడు. ఎస్‌ఎస్‌పీ చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే పనివాడు. కొడుకు అక్కడే చూసి నేర్చుకుని 2016లో, 2017లో ఇండియన్ ఓపెన్ వరసగా గెలిచాడు. 1829లో దొరల కోసం పుట్టిన క్లబ్బులోంచి ఇలా ఒక పనివాడి కొడుకు ఎదిగి రావడం నాకు మన గోల్ఫ్ చరిత్రలోకెల్లా గొప్ప సంగతి. వీళ్లెవరికీ చిన్నప్పుడు చిట్కాలు కొనే స్తోమత లేదు. బంతి ఎటు పోతోందో రోజూ కళ్లారా చూసే అవకాశం మాత్రం ఉంది.

సైన్సు కూడా ఇదే వైపు చూపిస్తోంది. 1920ల్లో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, సుత్తితో ఉలిని కొట్టే అనుభవజ్ఞులైన కార్మికులను ఫిల్మ్ తీసి పరిశీలించాడు. సుత్తి ప్రతిసారీ ఉలి మీదే పడుతోంది కానీ చెయ్యి కదిలే దారి ఏ రెండు దెబ్బలకూ ఒకేలా లేదు. పని తెలిసిన ఒళ్లు ప్రతి దెబ్బకూ తనే సర్దుకుంటోంది. గోల్ఫ్‌లో క్లబ్ పైనుంచి కిందికి దిగడానికి పట్టేది పావు సెకను. అంతలో నాలుగు సూచనలు గుర్తుచేసుకుని అమలు చేయడం ఎవరి వల్లా కాదు. 1999లో గాబ్రియెల్ వుల్ఫ్ బృందం గోల్ఫ్ కొత్తగా పట్టినవాళ్లను రెండు జట్లుగా చేసి చిన్న షాట్లు ఆడించింది. చేతులు ఎలా కదులుతున్నాయో చూసుకోమని ఒక జట్టుకు, క్లబ్ ఎలా ఊగుతోందో చూసుకోమని రెండో జట్టుకు చెప్పారు. రెండో జట్టే గురి బాగా సాధించింది. ఎర్నెస్ట్ జోన్స్ రుమాలుతో చూపించింది ఇదే.

ఒక మాట ఒప్పుకోవాలి. సైకాలజిస్టు షియన్ బైలాక్ చేసిన పుట్టింగ్ (బంతిని దొర్లించి గుంతలో వేయడం) ప్రయోగాల్లో ఆట వచ్చినవాళ్లు తమ కదలిక మీద ధ్యాస పెడితే చెడగొట్టుకున్నారు గానీ, కొత్తవాళ్లకు ఆ ధ్యాస మేలు చేసింది. కాబట్టి పట్టు, నిలబడే తీరు, గురి చూసే పద్ధతి మొదట్లో ఎవరో ఒకరు పక్కనుండి నేర్పాల్సిందే. బరంపురానికి ఇది కొత్త విషయమేమీ కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన వెయిట్‌లిఫ్టర్ రవి కుమార్ ఈ ఊరివాడే. ఇక్కడి జిమ్ముల్లో కుర్రాడు బరువెత్తితే గురువు ఎదురుగా నిలబడి చూస్తాడు, చూసి ఒక్క మాట చెబుతాడు. గోల్ఫ్ మాత్రం మన దగ్గరికి గురువు లేకుండా మాటలతోనే వచ్చింది.

దానికి తోడు వల. బంతి రెండు గజాలు పోయి ఆగిపోతే అది కుడికి పోయేదో ఎడమకు పోయేదో తెలియదు. తెలియనప్పుడు మనిషి సహజంగానే వీడియోని అడుగుతాడు. కోర్సుకు దూరంగా ఉన్న ఊళ్లలో చిట్కాల పిచ్చి ముదరడానికి అసలు కారణం ఇదేనని నేననుకుంటాను. దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. క్లబ్ ముఖం మీద పలచగా ముఖానికి రాసుకునే పౌడర్ అద్ది కొడితే బంతి ఎక్కడ తగిలిందో మచ్చ కనిపిస్తుంది. మచ్చ నడిమధ్య పడుతుంటే ఆ వారం స్వింగ్ జోలికి పోవక్కర్లేదు. మచ్చ క్లబ్ ముఖంలో మడమ వైపుకో (కాడ వైపుకో) కొస వైపుకో జరుగుతుంటే ఆదివారం విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ప్రోకి ఆ ఒక్క సంగతే చూపించి, ఆయన చెప్పింది మళ్లీ వెళ్లేదాకా పట్టుకుని ఉండాలి. ఆ మధ్యలో ఫోన్ కిందే ఉండిపోయినా ఫర్వాలేదు.