ఆఫీసులో సంతోషం: మేనేజర్ల నోట నేను తరచూ వినే అపోహలు

హైదరాబాద్‌లో హెచ్‌ఆర్ ఉద్యోగంలో చేరి 18 ఏళ్లు దాటింది. మొదట బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ, తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఆఫీసులు. ఇప్పుడు కొత్తగా టీమ్ లీడ్లు, మేనేజర్లు అయినవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. "మా వాళ్లు సంతోషంగా ఉండాలంటే ఏం చేయాలి మేడమ్?" అని మంచి మనసుతోనే అడుగుతారు. అయితే అడిగేసరికే కొన్ని నమ్మకాలు వాళ్లలో గట్టిగా పాతుకుపోయి ఉంటాయి.

అపోహ: జీతం పెంచితే చాలు, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

వాస్తవం: అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో ఒక విషయం చెప్పారు: ఉద్యోగంలో మనిషిని బాధపెట్టేవి వేరు, తృప్తినిచ్చేవి వేరు. జీతం, నియమాలు, పైవాళ్ల తీరు సరిగా లేకపోతే మనిషి కుమిలిపోతాడు. అవి బాగుపడితే ఆ బాధ పోతుంది, అంతవరకే. ఉత్సాహం మాత్రం చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల ఉన్నప్పుడు వస్తుంది. ఆయన పద్ధతి మీద తర్వాత విమర్శలు వచ్చాయి. నా అనుభవంలో చాలావరకు నిజమే అనిపించింది.

ఇది చూపించి "జీతం అంత ముఖ్యం కాదు" అనేవాళ్లంటే నాకు కోపం. ఇవ్వాల్సింది ఇవ్వకుండా గుర్తింపు గురించి మాట్లాడటం అన్యాయం. అప్రైజల్ (పనితీరును అంచనా వేసి జీతం పెంచే) రోజుల్లో నా ముందు కూర్చుని ఏడ్చినవాళ్లలో చాలామంది బాధ ఒక్కటే: "పక్కవాళ్లకు ఎందుకు ఎక్కువ వచ్చిందో ఎవరూ చెప్పలేదు మేడమ్." బడ్జెట్ మేనేజర్ చేతిలో లేకపోవచ్చు. రేటింగ్ ఎలా వచ్చిందో అరగంట కూర్చోబెట్టి చెప్పడం ఆయన చేతిలోనే ఉంది.

అపోహ: ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు, అంటే అందరూ బాగానే ఉన్నారు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదేనని నా అభిప్రాయం. మనకు మొహమాటం ఎక్కువ. "పని ఎలా ఉంది?" అంటే "ఫర్వాలేదు సార్" అంటాం. ఆ "ఫర్వాలేదు"కు ఎన్ని అర్థాలుంటాయో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక కంపెనీలో రిలీజ్‌కు రెండు రోజుల ముందు టీమ్ మొత్తం చేతులెత్తేసింది. ఆ తేదీకి పని పూర్తి కాదని టెస్టింగ్‌లో ఉన్న ఒక అబ్బాయికి నెల ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదు నాన్నా అని అడిగాను. "అంతకుముందు ఒకసారి చెప్పాను మేడమ్. అందరి ముందూ, ఎప్పుడూ నెగెటివ్‌గానే మాట్లాడతావేంటి అన్నారు" అన్నాడు. ఆ మాట అన్నది అతన్నే అయినా, నోరు మూతపడింది ఆ గదిలో ఉన్న పదిమందికీ.

1990లలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ ఆస్పత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడివాళ్లు పొరపాటు జరిగితే దాచకుండా చెప్పుకుంటున్నారని తర్వాత అర్థమైంది. నోరు విప్పితే తల పోదు అనే ఈ ధీమా గురించి ఆమె 1999లో వివరంగా రాశారు. తర్వాత గూగుల్ తన టీముల్లో ఏవి బాగా పనిచేస్తున్నాయో పరిశీలించినప్పుడు కూడా ఇదే అన్నిటికంటే ముఖ్యమని తేలింది.

"అడగనిదే అమ్మయినా పెట్టదు కదా మేడమ్, వాళ్లే అడగాలి" అని మేనేజర్లు నాతో అంటారు. ఈ విషయంలో ముందుగా అడగాల్సింది పైనున్నవాళ్లు. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఏమైనా సమస్యలున్నాయా?" అంటే "లేవు సార్" అనే వస్తుంది. "ఈ వారం నీ పని ఎక్కడ ఆగింది?" అని ఒక్కరినే, టీ తాగుతూ అడగండి. చెడు వార్త చెప్పినప్పుడు మీ నోట వచ్చే మొదటి మాట "ముందే చెప్పావు, మంచిదైంది" అయితే, రెండో వార్త దానంతటదే వస్తుంది.

అపోహ: నెలకో టీమ్ ఔటింగ్ పెడితే అందరూ హుషారుగా ఉంటారు.

వాస్తవం: ఔటింగ్ మంచిదే, వారం మధ్యలో, ఆఫీసు సమయంలో పెడితే. శనివారం శామీర్‌పేట రిసార్ట్‌కు రమ్మంటే, ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లికి అది మరో పనిదినం.

అపోహ: మరీ సంతోషంగా ఉంచితే పని చేయరు.

వాస్తవం: బ్రిటన్‌లో బీటీ అనే టెలికాం కంపెనీ కాల్ సెంటర్ల ఉద్యోగులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరు నెలలు గమనించారు. ఆ వారం ఎలా ఉన్నారో ప్రతి వారం అడిగి, అమ్మకాలతో పోల్చారు. సంతోషంగా ఉన్న వారాల్లో పనితీరు సుమారు 13 శాతం మెరుగ్గా ఉంది. పనిగంటలేమీ పెరగలేదు. అదే సమయంలో ఎక్కువ కాల్స్ మాట్లాడారు, ఎక్కువ అమ్మారు.

ఇంకో విషయం. థెరిసా అమబిలే, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు ఏడు కంపెనీల్లో 238 మంది రోజూ రాసిన సుమారు 12 వేల డైరీ పేజీలు చదివారు. మంచి రోజు అని రాసుకున్న రోజుల్లో ఎక్కువగా కనిపించింది, అర్థమున్న పని ఒక అడుగు ముందుకు పడటం. అందుకే రావాల్సిన యాక్సెస్, రాని అప్రూవల్, జవాబివ్వని పక్క టీమ్, ఇలాంటి అడ్డంకుల్లో రోజుకు ఒక్కటి తీసేయగలిగినా మీ టీమ్‌కు ఎంతో మేలు చేసినట్లే.

అపోహ: టెన్షన్ తట్టుకోలేకపోతే అది ఆ మనిషి బలహీనత.

వాస్తవం: బర్న్‌అవుట్, అంటే పనిలో పూర్తిగా అలసిపోయి ఆసక్తి పోవడం, పనిచేసే చోట తగ్గించకుండా వదిలేసిన దీర్ఘకాల ఒత్తిడి ఫలితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వివరించింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి.

ఎల్బీనగర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వచ్చే అమ్మాయి అమీర్‌పేటలో మెట్రో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి మళ్లీ బండి పట్టుకోవాలి. సాయంత్రం అదే తిరుగు ప్రయాణం, రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా క్లయింట్ కాల్. ఈమెకు యోగా క్లాస్ ఏం చేస్తుంది? నాకు తెలిసిన ఒక మేనేజర్ రాత్రి కాల్స్‌ను నలుగురికి వంతులవారీగా పంచి, వంతు వచ్చినవాళ్లకు మర్నాడు 11 లోపు మీటింగ్ పెట్టడం మానేశారు. ఖర్చు పైసా లేదు. మనసు మరీ కుంగినవాళ్లుంటే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చెప్పండి, కానీ పనిభారం తగ్గించే బాధ్యత మీదే.

అపోహ: ఇవన్నీ హెచ్‌ఆర్ చూసుకుంటుంది.

వాస్తవం: లీవ్ అడిగితే మొహం ముడుచుకునేది, ఆరింటికి లేచి బ్యాగు సర్దుకుంటే గడియారం వైపు చూసేది మేనేజరే. నేను చూసినవాళ్లలో ఈ పని బాగా తెలిసిన మనిషి బాలానగర్ ఫ్యాక్టరీలో ఒక సూపర్‌వైజర్. పెద్ద చదువులేమీ లేవు. షిఫ్ట్ మొదట్లో ఒక్కో మెషిన్ దగ్గరికీ వెళ్లి అడిగేవాడు, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఫ్యాన్ తిరగట్లేదు, గ్లౌజులు చిరిగిపోయాయి, చెల్లెలి పెళ్లికి నాలుగు రోజులు సెలవు కావాలి. పని అయ్యాక ఆ లైను కొట్టేసి, అడిగినవాడికే చూపించేవాడు. కానిదైతే ఎందుకు కాలేదో పక్కనే రాసి, అదీ చూపించేవాడు.