ఆక్వాపోనిక్స్ మొక్కల తొట్టికి నీరు పారించే పద్ధతి: అపోహలు - వాస్తవాలు

ఇంటి మిద్దెపై చేపలనూ కూరగాయలనూ ఒకే నీటితో పెంచాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది మొక్కల తొట్టికి నీరు ఎలా పెట్టాలన్నదే. ఆ ప్రశ్న వెనుక తరచుగా కనిపించే అపోహలు ఇవి.

అపోహ: బెల్ సైఫన్ (నిలువు గొట్టం మీద గంటలా బోర్లించిన మూత; తొట్టి నిండగానే నీటిని దానంతట అదే లాగి ఖాళీ చేస్తుంది) లేనిదే కంకర తొట్టి పనిచేయదు.

వాస్తవం: తొట్టిని నింపి ఖాళీ చేసే పద్ధతిలో నీరు దిగిపోతున్నకొద్దీ కంకర సందుల్లోకి గాలి చేరుతుంది. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకూ, వేళ్లకూ కావలసింది ఆ గాలి. దానిని అందించే సాధనాల్లో సైఫన్ ఒకటి మాత్రమే. దానికి కదిలే భాగాలు లేకపోయినా నీటి ధార మాత్రం సరిగ్గా కుదరాలి: ధార తగ్గితే నీరు నిలువు గొట్టం అంచు మీదుగా కారిపోతూ తొట్టి ఖాళీ కాదు, ఎక్కువైతే నీరు అడుగుకు దిగినా సైఫన్ ఆగక తొట్టి మళ్లీ నిండదు. పంపు జాలీకి చెత్త పట్టి ధార మెల్లగా సన్నబడటం మామూలే కనుక, రోజూ చూసుకునే తీరిక లేనివారికి నేను టైమరునే సూచిస్తాను. పంపు పావుగంట నడిచి ముప్పావుగంట ఆగేలా పెట్టి, నిలువు గొట్టం అడుగున చిన్న రంధ్రం చేస్తే నీరు దానంతట అదే దిగిపోతుంది. పంపు ఆగిన సమయంలో చేపలకు ఎయిర్ పంపు మాత్రం తప్పనిసరి.

అపోహ: వేళ్లు నిరంతరం నీటిలో ఉంటే కుళ్లిపోతాయి.

వాస్తవం: కుళ్లుకు అసలు కారణం నీరు కాదు, ఆక్సిజన్ కొరత. వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం అభివృద్ధి చేసిన తెప్పల (నీటిపై తేలే పలకలకు మొక్కలను అమర్చే) పద్ధతిలో వేళ్లు ఎప్పుడూ నీటిలోనే వేలాడతాయి. అయితే అక్కడ మలినాలను ముందే తొలగించి, నీటికి విడిగా గాలి అందిస్తారు. మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 30 డిగ్రీల వద్ద అది 7.5కి పడిపోతుంది.

అపోహ: డ్రిప్ పెడితే నీరు ఆదా అవుతుంది.

వాస్తవం: ఇక్కడ నీరు ఎలాగూ చేపల తొట్టికే తిరిగి వస్తుంది. పొలంలో ఎంతో మేలు చేసే డ్రిప్పర్లు ఈ నీటిలోని మలినాలకు, జిగురు పొరకు త్వరగా మూసుకుపోతాయి.

అపోహ: మొక్కల తొట్టి ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: ఒక చదరపు మీటరు తొట్టిలో 30 సెంటీమీటర్ల కంకర పోసి, నాచు పట్టకుండా పైన 5 సెంటీమీటర్లు పొడిగా వదిలితే, మిగతా కంకర సందుల్లో దాదాపు 100 లీటర్లు నిలుస్తాయి. చేపల తొట్టి 500 లీటర్లదైతే, నింపిన ప్రతిసారీ అందులో అయిదో వంతు నీరు తగ్గుతుంది. చేపల మీద ఆ ఒత్తిడి పడకుండా మధ్యలో సంపు తొట్టి పెట్టుకోవాలి, లేదా మొక్కల తొట్టిని రెండుగా చేసి వేర్వేరు సమయాల్లో నింపాలి.

కరెంటు పోయే ప్రాంతాల్లో పలుచని ధార పారే ఎన్‌ఎఫ్‌టీ పైపులను నేను సిఫారసు చేయను. తడి కంకర వేళ్లను కొన్ని గంటలైనా కాపాడుతుంది, పైపుల్లోని వేళ్లు మాత్రం ఎండకు తొందరగా ఆరిపోతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును చేపలను వదలకముందే అమర్చుకోండి.