రోహిణి కార్తెలో ఫజ్ పెడల్

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో మా డాబా మీది గదిలో రోలు లేదు, అందుకని ఫజ్ పెడల్ గొంతు పగిలింది. పెడల్ అంటే గిటార్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య నేల మీద పెట్టుకుని, కాలితో స్విచ్ నొక్కి శబ్దం మార్చుకునే అరచేతంత అల్యూమినియం డబ్బా. ఫజ్ అంటే అది గిటార్‌కి తెచ్చిపెట్టే బరబర గొంతు. జనవరిలో నేనే కూర్చుని సోల్డరింగ్ చేసుకున్నాను. సంక్రాంతికి తేనెటీగల గుంపులా గుమ్మని మోగింది. మే నెలాఖరు మధ్యాహ్నం తీగ మీటితే మాత్రం రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. కింద ఏసీ గదిలో అరగంట ఉంచితే మళ్లీ పాత గొంతే!

ఎందుకలా అయిందో తెలియాలంటే ముందు ఆ డబ్బా చేసే పని తెలియాలి. గిటార్ పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో పదో వంతు ఉంటుంది, గట్టిగా మీటితే ఇంకాస్త. ఫజ్ దాన్ని వందల రెట్లు పెంచబోతుంది. లోపలున్నదేమో 9 వోల్టుల బ్యాటరీ. తక్కువ ఎత్తు గదిలో గెంతినవాడి తల కప్పుకి కొట్టుకున్నట్టు, గుండ్రంగా లేవాల్సిన అల నెత్తి చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చదునైన అలలో కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. శుద్ధమైన 110 హెర్ట్జ్ అలను పంపి, పైనా కిందా సమానంగా కత్తిరిస్తే 330, 550, 770 ఇలా బేసి రెట్ల అనుస్వరాలు (హార్మోనిక్స్) వస్తాయి. ఒకవైపు ఎక్కువ తెగితే 220, 440 కూడా చేరతాయి. చెవికి ఈ రెండూ వేర్వేరు రుచులు.

ఒక్క స్వరం సంగతి ఇది. రెండు కలిపి మీటితే అసలు తమాషా మొదలవుతుంది. 110ని షడ్జమం అనుకుంటే పంచమం 165. ఈ రెండూ ఫజ్‌లోంచి వెళ్తే వాటి తేడా 55 కూడా వినిపిస్తుంది, అంటే ఎవరూ మీటని మంద్ర షడ్జమం. రాక్ వాయించేవాళ్లు స, ప మాత్రమే పట్టుకుని గోడలు అదరగొట్టడం వెనక కిటుకు అదే. మధ్యలో గాంధారం కలిపారా, తేడాలూ మొత్తాలూ కుప్పలుగా వచ్చిపడి అంతా బురదవుతుంది.

అనుస్వరాల మీద మోజు మనకు కొత్తేం కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దూర్చే నూలు దారాన్ని, జీవాను, వెంట్రుకవాసి జరిపితే తీగ ఒక్కసారిగా ‘జుం’ అని మెరుస్తుంది. 1921లో సి.వి. రామన్ దీని మీద రాశారు. తీగను ఎక్కడ మీటామన్నదాన్ని బట్టి కొన్ని అనుస్వరాలు వినిపించకూడదని పాత సూత్రం. తంబురా, వీణల బ్రిడ్జి వంపు వల్ల అవి కూడా నిక్షేపంగా మోగుతున్నాయని ఆయన చూపించారు. అక్కడ చెక్క చేసే పనిని ఇక్కడ ట్రాన్సిస్టర్ చేస్తోంది, కాస్త మొరటుగా.

ఫజ్ పుట్టుక కూడా ఒక చెడిపోయిన యంత్రంలోనే. అమెరికాలో నాష్‌విల్‌లోని క్వాన్‌సెట్ హట్ స్టూడియోలో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుండగా, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బాస్ గిటార్ శబ్దం, మిక్సింగ్ బల్ల లోపల ఏదో చెడి, బరబరమంటూ వచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచేశారు. 1961లో పాట హిట్టయింది. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ పాడు శబ్దాన్ని కావాలనుకున్నప్పుడల్లా రప్పించే ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ఒకటి, రెవిస్ హాబ్స్ అనే మరో ఇంజనీర్‌తో కలిసి తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్నే మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం పాటలో కీత్ రిచర్డ్స్ వాడాక జనం ఎగబడ్డారు. మధ్యలో, 1964లో, కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ ఏ సర్క్యూటూ లేకుండా స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోసి పని కానిచ్చాడు. నేనైతే స్పీకర్ జోలికి పోను, అది ఖరీదు.

నేను చేసుకున్నది ఫజ్ ఫేస్ అనే లండన్ డిజైన్, 1966 నాటిది. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు, మొత్తం 11 సామాన్లు. గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ కాలి కింద ఉన్నది ఇదే. ట్రాన్సిస్టర్లు జెర్మేనియంవి కావాలి. మన పాత రేడియోల్లో ఏసీ128 అని ఉండేది, గొట్టంలాంటి చిన్న రేకు టోపీ పెట్టుకుని. మా వీధి చివర రేడియో మెకానిక్ బాబాయ్ దగ్గర డబ్బానిండా ఉన్నాయి. ఓ పదిహేను ఇచ్చి, ఎందుకని అడిగారు. వినిపించాను. “ఈ బరబర పోగొట్టడానికే నలభై ఏళ్లు కూర్చున్నానురా అబ్బాయ్! నువ్వు పనిగట్టుకుని తెచ్చుకుంటున్నావా?” అన్నారు.

ఈ జెర్మేనియానికి పుట్టకముందే మన పేరు ఉంది. 1871లో మెండలీవ్ తన పట్టికలో సిలికాన్ కింద ఖాళీ గడి వదిలి, అక్కడికి రాబోయే మూలకానికి సంస్కృతంలోంచి ‘ఏక’ తెచ్చి ఏకసిలికాన్ అన్నాడు. 1886లో వింక్లర్ జర్మనీలో దాన్ని పట్టుకున్నాడు. సిలికాన్‌కి తమ్ముడే కానీ వేడి అస్సలు తట్టుకోడు. ఇందులో ఎలక్ట్రాన్‌ని ఊడబెరకడానికి సిలికాన్‌లో కావాల్సిన శక్తిలో అరవై శాతం చాలు. అందుకని వేడికే కొన్ని ఎలక్ట్రాన్లు ఊడిపోయి, ఎవరూ పిలవకుండానే కరెంటు కారుతుంది. దాన్ని లీకేజీ అంటారు. సుమారుగా ప్రతి 10 డిగ్రీలకూ ఈ లీకేజీ రెట్టింపు. జనవరికీ మే నెలకీ మా గదిలో ఇరవై డిగ్రీల తేడా, అంటే లీకేజీ నాలుగింతలు.

మూత విప్పి మల్టీమీటర్ పెట్టాను. రెండో ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో కలెక్టర్ అనేదాని దగ్గర, మైనస్ గుర్తు వదిలేస్తే, నాలుగున్నర వోల్టులు ఉండాలి. అంటే బ్యాటరీలో సగం, అల అటూ ఇటూ సమానంగా ఊగడానికి. మీటర్ ఏడు చూపించింది. మొదటి ట్రాన్సిస్టర్‌లో కారిన కరెంటు రెండోదాని నోరు నొక్కేసింది. అల ఒకవైపు గోడకి అతుక్కుపోయింది, ఆ దగ్గు అందుకే. అక్కడున్న 8.2 కిలోఓముల రెసిస్టర్ పీకేసి 50 కిలోఓముల ప్రీసెట్, అంటే తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్, పెట్టాను. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పుతుంటే మీటర్ ఏడు నుంచి ఆరు, అయిదు, నాలుగున్నర... డబ్బా ‘గుమ్’ అంది. 1960ల చివర్లో కంపెనీలు సిలికాన్‌కి మారిపోవడానికి ఈ వేడి గోలే ఒక పెద్ద కారణం. నాకు మాత్రం ఆ గొంతు మరీ గరుకు.

అన్ని జబ్బులూ ఇంత అందంగా ఉండవు. ఎక్కువసార్లు డ్రై సోల్డరే. పైకి అతుకు బాగానే కనిపిస్తుంది, కానీ లోపల పట్టుకోదు. దాన్ని పట్టడానికి ఓ వైరు చివర చిన్న కెపాసిటర్ అతికించి, రెండో చివర యాంప్లిఫయర్‌కి తగిలించాలి. గిటార్ మోగిస్తూ, కెపాసిటర్ కాలితో సిగ్నల్ దారి వెంట ఒక్కో అతుకూ తాకుతూ పోతే, శబ్దం ఎక్కడ ఆగితే అక్కడే రోగం. డాక్టరు స్టెతస్కోప్ లాంటిదే. ఇక నా రెండో పెడల్‌ని నేనే చంపాను. పెడల్ అడాప్టర్లకు మధ్య పిన్ను మైనస్ ఉండటం ఆనవాయితీ. ఇంట్లో దొరికిన రూటర్ అడాప్టర్‌కి మధ్యలో ప్లస్, పైగా 12 వోల్టులు. ‘టప్’మన్న చప్పుడు, కుళ్లిన చేప వాసన. అప్పటినుంచి ప్రతి డబ్బాలో కాపలాకి, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి పెడుతున్నాను.

డబ్బాకి బొమ్మ వేయడం మా అక్క పని. అల్యూమినియం మీద గరుకు కాగితం రుద్ది, నెయిల్ పాలిష్‌తో చుక్కల ముగ్గు వేసింది. ఆపైన మైలుతుత్తం నీళ్లలో ముంచాం. ఏమీ కాలేదు! లోహం మీదున్న పల్చటి ఆక్సైడ్ పొర నీళ్లను లోపలికి రానివ్వలేదు. గుప్పెడు కళ్లుప్పు వేయగానే చూడాలి: బుసబుసమని నురగ, గిన్నె వేడి, ఇటుక రంగు రాగి స్పంజిలా పేరుకోవడం. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను ఛేదిస్తుంది, అల్యూమినియం కరిగి రాగిని బయటికి నెడుతుంది. హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి ఇదంతా ఆరుబయట, నిప్పుకి దూరంగా, చేతులకి గ్లవ్స్‌తోనే. మిగిలిన నీలిరంగు నీళ్లు కాలవలో పోయకండి, రాగి చేపలకి విషం. అల్యూమినియం రేకు ముక్కలు వేసి నీలం పోయేదాకా ఉంచి, అడుగున చేరిన రాగిని వడకట్టి విడిగా తీసేశాం.

పాలిష్ తుడిచేసి, గుంటల్లో నల్లరంగు నింపి, పైన మళ్లీ రుద్దితే వెండి ముగ్గు తేలింది. “ముగ్గు మీద కాలు పెడతావా?” అంది అక్క. “వాకిట్లో వేసి తొక్కట్లేదా అక్కా?” అన్నాను. ప్రీసెట్ కోసం మూతకి సన్నటి బెజ్జం ఒకటి వేశాను, స్క్రూడ్రైవర్ దూరేంత. దానికి ఎడమవైపు అక్క బ్రష్‌తో ‘సంక్రాంతి’ అని రాసింది, కుడివైపు ‘రోహిణి’ అని.