పెళ్ళి ఎవరితో, ఎవరికి, ఎవరిని?

పిల్లలూ,

మొన్న మా మనవరాలు స్కూలు నుంచి మొహం ముడుచుకుని వచ్చింది. ఇంగ్లిష్ నోటుబుక్కు నా ఒళ్ళో పడేసి, "తాతయ్యా, ఇందులో తప్పేముందో నువ్వు చెప్పు" అంది. "మై ఆంట్ ఈజ్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్" అని రాసింది. 'విత్' చుట్టూ ఎర్ర సున్నా, దాని నెత్తిన చిన్న అక్షరాలతో 'టు'. "అత్తయ్య పెళ్ళి డాక్టర్‌తో అయింది. 'తో' అంటే విత్. ఇప్పుడు ఉంటున్నదీ ఆయనతోనే. మధ్యలో ఈ టు ఏమిటి?" అని దాని వాదన. వాదనలో నాకైతే లోపమేమీ కనపడలేదు. లోపం లేకపోయినా మార్కు పోతుంది, భాషల సంగతి అంతే.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదులెండి. ఫ్రెంచివాళ్ళు, స్పానిష్‌వాళ్ళు, జర్మన్లు కూడా వాళ్ళ వాళ్ళ భాషల్లో పెళ్ళికి 'తో' అనే అంటారు, అందుకే ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి వాళ్ళూ సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. అంతెందుకు, షేక్స్‌పియర్ రాసిన హామ్లెట్ నాటకంలో ఆ రాకుమారుడు తల్లి గురించి వాపోతూ "మ్యారీడ్ విత్ మై అంకుల్" అనే అంటాడు. 400 ఏళ్ళ కిందట అది చెల్లింది. ఇప్పుడు రాస్తే ఎర్ర సున్నా.

మనవరాలికి నేను చెప్పిన ఉపమానం మీకూ చెబుతాను. విత్ అంటే ఇద్దరు పక్కపక్కన నడవడం. మధ్యలో కట్టేమీ లేదు, అడుగులు కలుస్తున్నాయి, అంతే. అందుకే ఫ్రెండ్స్ విత్, ఇన్ లవ్ విత్. టు అంటే తాడు. ఒక కొస ఇక్కడుంటే రెండో కొస అవతల గుంజకి ముడేసి ఉంటుంది. చుట్టరికం తాడు కాబట్టి రిలేటెడ్ టు, నిశ్చితార్థం వదులు ముడి కాబట్టి ఎంగేజ్డ్ టు, పెళ్ళి గట్టి ముడి కాబట్టి మ్యారీడ్ టు. ఆ ముడి విప్పేసుకుంటే గుంజ నుంచి దూరంగా జరగాలిగా, అక్కడ ఫ్రమ్ వస్తుంది: డివోర్స్‌డ్ ఫ్రమ్, సెపరేటెడ్ ఫ్రమ్. మరి ప్రేమించుకున్నవాళ్ళు విడిపోతే? విప్పడానికి అసలు తాడే లేదు కదా, అందుకని బ్రోక్ అప్ విత్. కలిసి నడిచినవాళ్ళే తలో దారీ పట్టారు.

ఇంత బాగా కుదిరిందని నేను మురిసిపోతుంటే అది, "అయితే ఇద్దరిలో గుంజ ఎవరు? అత్తయ్యేమన్నా దూడా కట్టేయడానికి?" అంది.

ఆలోచించాల్సిన ప్రశ్నే. ఇంగ్లిష్‌లో "షీ ఈజ్ మ్యారీడ్ టు హిమ్" అనొచ్చు, "హీ ఈజ్ మ్యారీడ్ టు హర్" అనీ అనొచ్చు. ఎవరి వైపు నుంచి చెబితే అవతలివాళ్ళు గుంజ. మన దగ్గర చూడండి, అమ్మాయిని డాక్టర్‌కిచ్చి పెళ్ళి చేశాం అంటాం. అబ్బాయిని ఫలానా అమ్మాయికిచ్చి చేశాం అని మీరెన్నిసార్లు విన్నారు? మాట్లాడేటప్పుడు ఆ 'ఇచ్చి' నా నోట్లోంచీ తేలిగ్గానే వచ్చేస్తుంది, ఇవ్వడానికి మనిషేమన్నా గిన్నే చెంబా అని ఈ వయసులో అనిపిస్తోంది. మీరు ఇప్పట్నుంచే కొంచెం చూసుకుని వాడండి.

నా తాడు తెగింది మాత్రం ఇంకోచోట. "హీ మ్యారీడ్ హర్" అంటారు. టు లేదు, విత్ లేదు, ఏమీ లేదు! ఎర్ర సున్నా పడ్డాక పిల్లలు భయపడి ఇక్కడ కూడా టు తగిలించి "హీ మ్యారీడ్ టు హర్" అని రాస్తారు, దానికి ఇంకో సున్నా పడుతుంది. ఈజ్, వాజ్, గాట్ లాంటివి ముందుంటే మ్యారీడ్ తరవాత టు. పెళ్ళి చేసుకోవడమే క్రియ అయినప్పుడు దాని పక్కన నేరుగా మనిషే. నేరుగా చెయ్యి పట్టుకున్నాక తాడెందుకు అని సర్దిచెప్పబోయాను కానీ అది నమ్మలేదు. నేనూ నమ్మలేదనుకోండి, తాడు పక్కన పెట్టేశాను.

అప్పుడు నాకు మా చిన్నప్పటి విభక్తులు గుర్తొచ్చాయి. నిన్, నున్, లన్, కూర్చి, గురించి అని బెంచీ మీద కాళ్ళూపుకుంటూ పాటలా అరిచేవాళ్ళం. ఒక్కడు తప్పితే అందరం మళ్ళీ డు, ము, వు, లు దగ్గర్నుంచి మొదలెట్టాలి. అవి నోట్లో రోజూ తిరిగే మాటలేనని ఆ వయసులో తట్టలేదు, అదేదో పరీక్ష కోసం పుట్టిన సరుకనుకున్నాం. ఇప్పుడు చూడండి: డాక్టర్‌తో పెళ్ళయింది, డాక్టర్‌కిచ్చి చేశారు, డాక్టర్‌ని చేసుకుంది. పెళ్ళి ఒక్కటే, విభక్తులు మూడు. తృతీయ, షష్ఠి, ద్వితీయ. మనం ఎప్పుడైనా తడబడ్డామా? మనవి మాట వెనకాల అతుక్కుంటాయి, ఇంగ్లిష్‌వి ముందు నిలబడతాయి, అంత తేడా. 'ని' వచ్చేచోట ఇంగ్లిష్‌లో ఏదీ రాలేదు చూశారా? "డాక్టర్‌ని చేసుకుంది" అంటే "షీ మ్యారీడ్ ఎ డాక్టర్".

ఇంకో తమాషా. పెళ్ళి 'చేశాడు', పెళ్ళి 'చేసుకున్నాడు', ఈ రెండిటికీ మనకి ఎంత తేడా! ఆ చిన్న 'కొను' లేకపోతే పెళ్ళికొడుకెవరో పురోహితుడెవరో తెలియదు. ఇంగ్లిష్‌లో రెండిటికీ మ్యారీయే. "హీ మ్యారీడ్ దెమ్" అంటే వాళ్ళిద్దరికీ పెళ్ళి జరిపించాడని కూడా అర్థం, కంగారు పడకండి.

కంగారంటే నాది చెప్పాలి. నాకప్పుడు పదకొండేళ్ళు. ఒక ఇంగ్లిష్ పత్రికలో వ్యాసం కింద రచయిత గురించి రెండు ముక్కలుండేవి, అందులో "మ్యారీడ్ విత్ త్రీ చిల్డ్రన్" అని ఉంది. ముగ్గురు పిల్లల్ని పెళ్ళాడాడు కాబోలనుకుని నాకు ఒళ్ళు జలదరించింది. రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు, పత్రిక పరుపు కింద దాచేశాను. మూడో రోజు ఆగలేక అన్నయ్యకి చూపిస్తే వాడు నవ్వి నవ్వి ఇల్లంతా తిరిగి చెప్పాడు. ఆయనకి పెళ్ళయింది, ముగ్గురు పిల్లలున్నారు, అంతేనట! ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పించేవాళ్ళు, చాలా ఏళ్ళు.

మిగతావి ఎక్కువ లేవు. ప్రేమలో ఉంటే ఇన్ లవ్ విత్, కానీ ఆ ప్రేమ గురించి చెప్పేటప్పుడు లవ్ ఫర్. ప్రపోజ్ చేసేది టు. క్రష్ మాత్రం ఆన్, అది ఎవరి నెత్తి మీదైనా పడేదే కదా (ఈ మాట నాకెలా తెలుసని అడక్కండి). ఎందుకు ఇక్కడ ఇది, అక్కడ అది అంటే ప్రతిదానికీ నా దగ్గర తాడు లేదు.

మీరో పని చెయ్యండి. దగ్గర్లో ఉన్న ఇంగ్లిష్ పత్రికో కథల పుస్తకమో తీసి మ్యారీడ్ అనే మాట ఎక్కడ కనపడితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి, దాని వెనకాల ఏముందో నోటుబుక్కులో ఎక్కించండి. పది దొరికాక నాకు రాయండి. విత్ కనపడితే మాత్రం నాలాగా పరుపు కింద దాచేయకుండా, ఆ తరవాత ఉన్నది మొగుడా పిల్లలా అని ఒకసారి చూడండి.

మీ తాతయ్య