జనరేటర్ ఎన్ని అంగల దూరంలో పెట్టారు?

చిన్నీ, బుజ్జీ,

వచ్చే శనివారం అరకు వెళ్ళి కొండ మీద హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే వైర్‌లెస్) పెడుతున్నారని మీ మావయ్య ఫోన్ చేసి చెప్పాడు. పన్నెండేళ్ళు నిండీ నిండగానే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు, అప్పుడే గుడారం కూడానా! సంతోషం. యాంటెన్నా ఎంత ఎత్తున కట్టాలి, ఏ బ్యాండులో పిలవాలి అంటూ మీరు రాసిన ప్రశ్నలన్నీ చదివాను. అద్దెకు తెస్తున్న పెట్రోల్ జనరేటర్ గురించి మాత్రం ఒక్క ప్రశ్నా లేదు. అందుకే ఈ ఉత్తరం అంతా దాని గురించే. యాంటెన్నా సంగతి ఇంకోసారి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు మీకు ఊహ తెలియదు. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. మా వీధిలో ఒకాయన ఎక్కడినుంచో చిన్న జనరేటర్ సంపాదించాడు. బయట పెడితే తడుస్తుంది, పైగా దొంగల భయం. మెట్ల కింద పెట్టి గేటు వేసేశాడు. రాత్రి పదింటికి వాళ్ళావిడ మా తలుపు కొట్టి, "పిల్లలకి తలనొప్పి, వాంతులండీ, ఏం తిన్నారో ఏమో" అంది. వెళ్ళి చూస్తే ఇంట్లో లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, పిల్లలిద్దరూ మంచం మీద సోలిపోయి ఉన్నారు. ముందు వాళ్ళని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాం. జనరేటర్ ఆపింది ఆ తర్వాతే. చెట్లు పడిన రోడ్ల మీద నానా తంటాలు పడి ఆస్పత్రికి చేర్చారు. బతికారు.

అది తిండి వల్ల కాదు, కార్బన్ మోనాక్సైడ్ వల్ల. ఇంజిన్‌లో పెట్రోల్ పూర్తిగా కాలనప్పుడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్ అని మీరు చదువుకునే ఉంటారు. ఈ వాయువు దాన్ని ఆక్సిజన్ కంటే సుమారు 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీట్లన్నీ ఆపేసినట్టు అనుకోండి. ఆక్సిజన్ వచ్చేసరికి ఖాళీ ఉండదు. నిద్రలో ఉన్నవాళ్ళకి తలనొప్పి కూడా తెలియకుండానే ప్రాణం పోవచ్చు.

కాబట్టి కొండ ఎక్కగానే గుడారం కంటే ముందు జనరేటర్ ఎక్కడో తేల్చుకోండి. గుడారానికి కనీసం 20 అడుగుల దూరం ఉండాలి. మీ అంగలు చిన్నవి, పదిహేను వెయ్యండి. నేల చదునుగా ఉండాలి, సైలెన్సర్ మూతి గుడారానికి అవతలి వైపు తిరగాలి. పక్కనే కర్రకి గుడ్డపీలిక కట్టండి. కొండ మీద సాయంత్రం గాలి మళ్ళిందంటే ఆ పీలికే చెబుతుంది. వాన కోసం నాలుగు కర్రల మీద ఎత్తుగా టార్పాలిన్ కట్టొచ్చు, కానీ నాలుగు వైపులా తెరిచే ఉంచాలి. జల్లు లోపలికి కొడుతుంటే ఆపేయండి. ఎంత వానైనా దాన్ని గుడారంలోకి మాత్రం లాగకండి. ఎవరికైనా తల దిమ్ముగా ఉందంటే ముందు అందరూ బయటికి రావాలి, కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు.

లోడు లెక్క మీ బుర్రకి చిటికెలో పని. మావయ్య 100 వాట్ల సెట్టు పూర్తి పవర్ మీద మాట్లాడితే 13.8 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది, అంటే సుమారు 280 వాట్లు. ల్యాప్‌టాప్, రెండు ఎల్‌ఈడీ బల్బులు కలిపినా 1 కేవీఏ (అంటే ఇంచుమించు వెయ్యి వాట్ల) జనరేటర్‌కి అది పెద్ద బరువేం కాదు. కాకపోతే అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన, ఇంజిన్ బలం పదో వంతు తగ్గుతుంది. అయినా సరిపోతుంది. మీ మావయ్య ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం ఇంట్లోనే దాచేయండి. అదొక్కటే 1500 వాట్లు. వాడికి టీ పిచ్చి, అడిగితే నా పేరు చెప్పండి.

ఇంజినాయిల్ డిప్‌స్టిక్ తీసి చూడకుండా స్టార్టు చేసే తాడు ముట్టుకోవద్దు. ప్లగ్గులన్నీ తీసేసి ఉంచి, పెట్రోల్ కాక్ తిప్పి, చోక్ వేసి, తాడు మెల్లగా లాగండి. ఒకచోట చేతికి బిగువు తగులుతుంది. అక్కడినుంచి ఒక్క ఊపున లాగాలి. ఇంజిన్ అందుకున్నాక చోక్ కొంచెం కొంచెంగా తీసి, రెండు మూడు నిమిషాలు కుదురుకోనిచ్చి, అప్పుడు రేడియో తగిలించండి. ఆపేటప్పుడు ముందు లోడు తీసేయాలి.

పెట్రోల్ పొయ్యడం పెద్దవాళ్ళ పని, మీరు చూస్తూ ఉండండి. ఇంజిన్ ఆపి పావుగంటైనా చల్లారాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, పల్లానికి నేల మీదే పాకుతుంది. వంట పొయ్యి అటువైపు ఉంటే గోవిందా! ట్యాంకు అంచుదాకా నింపకూడదు. చీకటి పడకముందే ఆ పని కానిచ్చేయమనండి.

కేబుల్ మూడు వైర్లది, మందంగా ఉన్నది తెండి. చుట్ట పూర్తిగా విప్పి పరచండి, చుట్టగానే వదిలేస్తే వేడెక్కి కరుగుతుంది. ప్లగ్గు జాయింటు తడి నేల మీద కాక రాయి మీద పెట్టండి. మూడో పిన్ను పట్టడం లేదని విరిచేసే తెలివి ఎవరైనా చూపిస్తే ఒప్పుకోకండి.

ఇంకొక మాట. గెస్ట్‌హౌస్‌లో కరెంటు పోతే జనరేటర్ వైరుని గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగిద్దామంటారు కొందరు. ఆ కరెంటు వెనక్కి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11,000 వోల్టులు కావచ్చు. లైను చచ్చిపోయిందనుకుని స్తంభం మీద లైన్‌మ్యాన్ చెయ్యేసి ఉంటాడు. హుద్‌హుద్ తర్వాత మనకి వెలుగు తెచ్చింది వేరే ఊళ్ళ నుంచి కూడా వచ్చి అలా స్తంభాలెక్కిన వాళ్ళే.

రేడియోలో టరటరమని గోల వినిపిస్తే అది ఇంజిన్ స్పార్కు కావచ్చు. జనరేటర్‌ని ఇంకాస్త దూరం జరిపి చూడండి.

శనివారం పొద్దున పదింటికి 40 మీటర్ల బ్యాండు మీద చెవి పెట్టుకుని కూర్చుంటాను. సిగ్నల్ ఎలా ఉందో తర్వాత చెప్పుకుందాం, ముందు అంగలు ఎన్నో చెప్పండి.

మీ
తాతయ్య